జబ్బును పట్టుకోవాలి, మనిషిని కాదు

మన ఖిల్లా ఘణపూర్‌కు ఆ పేరు కోట వల్ల వచ్చింది. కాకతీయుల కాలంలో గోన గణపరెడ్డి కట్టించాడని చెప్పే ఆ కోట రెండు కొండలను కలుపుకుని నిలబడి ఉంది. కింద గణపసముద్రం చెరువు. గోడలు ఎంత ఎత్తున్నా బురుజు మీద కావలివాడు లేకపోతే అది రాళ్ల కుప్పే. దూరాన దుమ్ము లేవడం మొదట చూసేది ఆ కావలివాడే. ఆ దుమ్ము శత్రువుల గుర్రాలదో, సంతకు వచ్చే బండ్లదో అతడికి అప్పుడే తెలియదు. తెలియకపోయినా కేక వేస్తాడు. ఆ కేక విని కోటలోని పెద్దలు నలుగురూ కూర్చుని తలుపులు మూయాలా, ఇంకాసేపు చూడాలా అని నిర్ణయిస్తారు. అంతేగాని, చెడ్డ కబురు తెచ్చాడు కాబట్టి వీడే శత్రువని కావలివాడి మీదే కత్తి దూస్తే ఏమవుతుంది? మరోసారి దుమ్ము లేచినప్పుడు అతడు నోరు మెదపడు. కోట పోతుంది.

అంటురోగాల విషయంలోనూ ఇంతే. ఊరి మీదికి జబ్బు వచ్చినప్పుడు ఏలినవారు చేయాల్సిన పనులు రెండు. జబ్బు ఎక్కడ మొదలైంది, ఎటు పోతోంది అన్నది వెంటనే కనిపెట్టడం ఒకటి. తెలిసినంత మేరకు తగిన నిర్ణయం తీసుకుని, దాన్ని జనానికి నచ్చజెప్పి అమలు చేయడం రెండోది. ఈ రెండు పనుల మధ్యలోకి మూడోది ఒకటి దూరుతుంటుంది. అది నేరస్థుణ్ని వెతకడం. అది దూరిన ప్రతిసారీ మొదటి రెండు పనులూ చెడిపోయాయని చరిత్ర చెబుతోంది. మన కళ్ల ముందు, 2020లో జరిగినదీ అదే. గాయం మానిపోయింది కదా, మళ్లీ ఎందుకు గెలకడం అనుకునేవారు ఉంటారు. కాని రేపు మరో జబ్బు రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. వచ్చినప్పుడు మన బస్తీలు తలుపులు తెరుస్తాయా, మూసుకుంటాయా అన్నది నిన్నటి అనుభవం మీదే ఆధారపడి ఉంటుంది.

కరీంనగర్ నుంచి వచ్చిన కేక

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. అప్పటికి అందరి చూపూ విమానాశ్రయాల మీదే ఉంది. అలాంటి రోజుల్లో ఇండోనేషియా నుంచి వచ్చిన తబ్లీగీ జమాత్ బృందం ఒకటి ఢిల్లీలో రైలెక్కి, రామగుండంలో దిగి, మార్చి 14న కరీంనగర్ చేరుకుంది. మార్చి మూడో వారంలో ఆ బృందంలోని పది మందికి వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది.

అధికారులు ఆలస్యం చేయలేదు. ఆ పది మంది ఎక్కడ బస చేశారు, ఎవరిని కలిశారు, ఏ రైలు పెట్టెలో వచ్చారు అని ఆరా తీశారు. వారు తిరిగిన ప్రాంతంలో రాకపోకలు ఆపారు. వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నవారిని గుర్తించాయి. దేశమంతటికీ లాక్‌డౌన్ అన్న మాట అలవాటు కాకముందే ఒక జిల్లా కేంద్రంలో ఈ పని జరిగింది. జబ్బును కనిపెట్టడం అంటే ఇదే.

అంటే కావలివాడు కేక వేశాడు. ఆ కేక ఢిల్లీకి వినిపించింది కూడా. తెలంగాణలో జమాత్ సభ్యులకు వైరస్ ఉన్నట్టు బయటపడ్డాక, మార్చి 21న తాము అన్ని రాష్ట్రాలకూ జమాత్ సభ్యుల వివరాలు పంపామని కేంద్ర హోంశాఖే తర్వాత ప్రకటించింది. మరి నిజాముద్దీన్ మర్కజ్ భవనంలో ఉన్న 2,300 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించడం ఎప్పటికి పూర్తయింది? ఏప్రిల్ 1కి. కేక వినిపించాక పది రోజులకు పైగా గడిచిపోయాయి. కనిపెట్టిన చోట చురుకుదనం ఉంది. నిర్ణయించాల్సిన చోట అది కొరవడింది.

తప్పు ఎవరిదని అడిగితే ఒక్కరి వైపే వేలు చూపించలేం. మార్చి 13న కేంద్ర ఆరోగ్యశాఖ ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని చెప్పింది. మార్చి 16న ఢిల్లీ ప్రభుత్వం 50 మందికి మించి ఎక్కడా గుమిగూడరాదని, మతపరమైన సమావేశాలకూ ఇది వర్తిస్తుందని ఆదేశించింది. ఆ తర్వాత కూడా మర్కజ్‌లో వందల మంది ఉన్నారన్నది వాస్తవం. మార్చి 22 నుంచి రైళ్లు ఆగిపోవడంతో కదల్లేకపోయామని, వాహనాలకు పాసులు అడిగామని నిర్వాహకులు చెప్పారు. అది నిజమే అనుకున్నా, జబ్బు వ్యాపిస్తోందన్న వార్తలు వస్తున్నప్పుడు పెద్ద సమావేశాన్ని ముందే మానుకోవడం వివేకవంతుల పని. ఆ మాట చెప్పడానికి మనం మొహమాటపడనక్కర లేదు. అలాగే పక్కనే పోలీసు స్టేషన్ ఉన్న భవనంలో ఇంతమంది ఉన్నారని ప్రభుత్వానికి మార్చి ఆఖరులో గాని పట్టకపోవడాన్ని అడగడానికీ మొహమాటపడనక్కర లేదు.

వెతికిన చోటే దొరుకుతుంది

మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం, మర్కజ్‌కు వెళ్లొచ్చినవారిలో ఆరుగురు మరణించారని ప్రకటించింది. వెళ్లొచ్చిన మిగతావారు వెంటనే సమాచారం ఇవ్వాలని, పరీక్షలూ చికిత్సా ఉచితమని కోరింది. ఆ పిలుపు సరైనదే. కాని మర్నాటి నుంచి టీవీల్లో మొదలైన గోల ఆ పిలుపును మింగేసింది. వైరస్‌కు ఒక మతం అంటగట్టారు. కొన్ని రాష్ట్రాల్లో ముస్లిం కూరగాయల వ్యాపారులను వీధుల్లోకి రానివ్వలేదు. రోగిని ఒకవైపు రమ్మని పిలుస్తూ మరోవైపు ద్రోహి అంటుంటే ఆ రోగి వస్తాడా?

ఏప్రిల్‌లో రోజువారీ ప్రభుత్వ లెక్కల్లో జమాత్‌కు సంబంధించిన కేసులను విడిగా చెప్పడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 18న దేశంలో 14,378 కేసులుంటే అందులో 4,291 ఆ సమావేశంతో ముడిపడినవని ప్రకటించారు. అంకె అబద్ధం కాకపోవచ్చు. కాని అంకె వెనుక ఉన్న సంగతి చెప్పలేదు. అప్పట్లో పరీక్షా కిట్లు తక్కువ. విదేశాల నుంచి వచ్చినవారికి, వారిని కలిసినవారికి, బాగా ఇబ్బంది పడుతున్న రోగులకే పరీక్షలు. మర్కజ్‌కు వెళ్లొచ్చినవారిని, వారి కుటుంబాలను మాత్రం వెతికి వెతికి పరీక్షించారు. గణపసముద్రంలో ఒక్క మూలనే వల వేసి, చెరువులోని చేపలన్నీ ఆ మూలనే ఉన్నాయంటే నమ్ముతామా? ఎక్కడ ఎక్కువ వెతికితే అక్కడ ఎక్కువ దొరుకుతుంది. జబ్బు లెక్కల్లో ఇది మొదటి పాఠం. ఈ పాఠం మరిచి తీసుకున్న నిర్ణయం, వల వేయని మూలల్లో జబ్బు పెరుగుతుంటే చూసుకోదు.

మతాన్ని బట్టి రోగులను విడదీయడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర విభాగాధిపతి మైక్ ర్యాన్ ఏప్రిల్ 6న చెప్పారు. రెండు రోజుల తర్వాత మన ఆరోగ్యశాఖ కూడా ఏ సమాజం మీదా ముద్ర వేయవద్దని ప్రజలకు సలహా విడుదల చేసింది. కాని విడి లెక్కలు ఆగలేదు. చివరికి 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. వారికి ఆశ్రయమిచ్చారని ఢిల్లీలో 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. న్యాయం దొరకడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లలో జనం మనసుల్లో నాటుకున్న భయం ఏ తీర్పుతో పోతుంది?

దాచేది భయం

జబ్బు దాచేవాడిని తిట్టడం సులువు. ఎందుకు దాస్తున్నాడో అడగడం కష్టం. 1897లో పుణెలో ప్లేగు వ్యాపించింది. రాండ్ అనే ఆంగ్ల అధికారి చేతికి అధికారం ఇచ్చారు. ఆ ఏడాదే అంటువ్యాధుల చట్టం కూడా వచ్చింది. సిపాయిలు ఇళ్లలోకి చొరబడ్డారు. పరదాలో ఉన్న ఆడవాళ్లనీ, దేవుడి గదుల్నీ చూడలేదు. రోగిని ఒకచోటికి, కుటుంబాన్ని మరోచోటికి తరలించారు. సామాన్లు తగలబెట్టారు. ఫలితం ఏమైంది? జనం రోగులను దాచారు. శవాలను గుట్టుగా సాగనంపారు. జబ్బు కంటికి కనిపించకుండా పోయింది, ఊరు వదిలి మాత్రం పోలేదు. ఆ జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరిపారు, కొద్ది రోజులకు అతడు చనిపోయాడు. ప్లేగుతో పోరాటం జనంతో పోరాటంగా మారితే ఇలాగే అవుతుంది. పుణెలో దాచినవారిది ఏ మతమో వేరే చెప్పనక్కర లేదు. భయానికి మతం ఉండదు.

2020 ఏప్రిల్ 1న ఇండోర్‌లో తాట్ పట్టీ బాఖల్ అనే బస్తీలో ఆరోగ్య సిబ్బంది మీద రాళ్లు వేశారు. అది ఏ విధంగానూ సమర్థించరాని పని. మన ప్రాణాలు కాపాడటానికి వచ్చిన ఆడబిడ్డల మీద చెయ్యెత్తడం అధర్మం. ఆ రాళ్లు విసిరినవారిని చట్టం శిక్షించాలి. అయితే ఆ బస్తీలో పుకార్లు అంతగా ఎలా పాకాయి, నమ్మకమున్న మనిషి ఒక్కడైనా ఆ బృందం ముందు ఎందుకు నడవలేదు అని కూడా ఆలోచించాలి. శిక్ష నిన్నటి తప్పుకు. ఆలోచన రేపటి జబ్బుకు.

శ్రీలంక సంగతి చూడండి. కరోనాతో చనిపోయినవారిని ఖననం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, అక్కడి ప్రభుత్వం 2020 వసంతం నుంచి అన్ని మృతదేహాలనూ దహనం చేయాల్సిందేనని పట్టుబట్టింది. భూగర్భ జలం పాడవుతుందన్న వాదనకు ఆధారం చూపలేకపోయింది. 2021 ఫిబ్రవరిలో ఆ నిబంధన తొలగించింది. ఈలోగా ఎన్ని కుటుంబాలు క్షోభపడ్డాయి! ఆసుపత్రికి పోతే శవం కూడా దక్కదన్న భయం ఉన్నవాడు ఆసుపత్రికి పోవడానికి ఎంత వెనకాడుతాడో చెప్పనక్కర లేదు. ఆధారం లేని కఠిన నిర్ణయం జబ్బును దాచే కొత్త మూలలను తయారుచేస్తుంది.

సర్గ్ వద్ద సంప్రదింపులు

సరైన నిర్ణయం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఒక పాత సంఘటన గుర్తుచేసుకోవాలి. అది మన జుమా ప్రసంగాల్లో తరచూ వినిపించేదే. కాని అందులోని పరిపాలనా పాఠం మీద మన దృష్టి అంతగా పడదు. క్రీ.శ. 639 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురొచ్చి ముందు ప్లేగు ఉందని చెప్పారు. కబురు చెప్పినవారిని ఖలీఫా గద్దించలేదు. ముందు ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. అన్సార్లను అడిగారు. వారిలోనూ అంతే. ఆపైన ఖురైషు పెద్దలను అడిగితే, జనాన్ని తీసుకుని వెనుదిరగడమే మేలని అందరూ ఒక్కమాట చెప్పారు. తెల్లవారి తిరుగు ప్రయాణమని ఉమర్ (రజి) అందరి ముందూ ప్రకటించారు.

అప్పుడు అబూ ఉబైదా (రజి) ఇది దైవ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని ఆక్షేపించారు. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. పచ్చిక ఉన్న లోయలో ఒంటెను మేపినా, ఎండిన లోయలో మేపినా రెండూ దైవ నిర్ణయాలే కదా అని ఉపమానం చెప్పారు. అంతలో, పని మీద వెళ్లి వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తన దగ్గర ఉన్న సమాచారం చెప్పారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊళ్లో వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారని. దాంతో నిర్ణయానికి బలం చేకూరింది.

ఇందులో గమనించాల్సినవి చాలా ఉన్నాయి. ముందుగా, కబురు ఆ ప్రాంతం తెలిసినవారి నుంచి వచ్చింది. ఒకే వర్గాన్ని అడిగి ఊరుకోలేదు, మూడు వర్గాలనూ అడిగారు. భేదాభిప్రాయం వచ్చిందని నిర్ణయం వాయిదా వేయలేదు. ఎదురు చెప్పిన సేనాని మీద కోపం పెట్టుకుని పదవి తీసేయలేదు, కారణం చెప్పారు. ఎవరి దగ్గర ఏ సమాచారం ఉందో ముందుగా తెలియదు కాబట్టి అందరికీ నోరు విప్పే అవకాశం ఉంచారు. ఆ అవకాశం లేకపోతే అబ్దుర్రహ్మాన్ (రజి) మాట బయటికి వచ్చేదా? అబూ ఉబైదా (రజి) తన జనంతో అక్కడే ఉండిపోయి ఆ ప్లేగులోనే కన్నుమూశారు. ఎవరి మీదా నింద పడలేదు.

ఇల్లిల్లూ తెలిసినవాడు

జబ్బును కనిపెట్టేది ప్రయోగశాల ఒక్కటే అనుకోవడం పొరపాటు. 1854లో లండన్ నగరంలో సోహో అనే పేటలో కలరా వచ్చి కొద్ది రోజుల్లోనే వందల మంది చనిపోయారు. గాలి చెడిపోవడం వల్ల కలరా వస్తుందని అప్పటి పండితుల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం నీటిని అనుమానించాడు. చనిపోయినవారి ఇళ్లను లెక్కగట్టి చూస్తే, ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ ఉన్నాయి. సెప్టెంబర్ 8న ఆ పంపు పిడి తీసేయించారు.

ఈ కథలో అంతగా వినిపించని పేరు హెన్రీ వైట్‌హెడ్. ఆ పేట చర్చిలో చిన్న పాదిరి. స్నో చెప్పింది తప్పని నిరూపించాలని బయలుదేరాడు. ప్రతి ఇల్లూ అతడికి తెలుసు, ప్రతి ఇంటివాళ్లకూ అతడు తెలుసు. వెళ్లి కూర్చుని, ఎవరు ఏ నీళ్లు తాగారో, ఎప్పుడు సుస్తీ చేసిందో ఓపికగా అడిగాడు. అడుగుతూ పోయేకొద్దీ స్నో మాటే నిజమని తేలింది. పంపు పక్కనే ఉన్న ఇంట్లో జబ్బు పడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు దగ్గరి మురుగు గుంటలోకి పోయాయని, అక్కడి నుంచి బావిలోకి ఊరాయని కూడా అతడి విచారణ వల్లే బయటపడింది. ఆ బిడ్డ తల్లి అతడికి నిజం ఎందుకు చెప్పింది? అతడు నేరం మోపడానికి రాలేదు కాబట్టి. వైద్యుడి తెలివీ, ఇల్లిల్లూ తెలిసినవాడి నమ్మకమూ కలిస్తేనే జబ్బు దొరుకుతుంది.

కారణం తెలిసేదాకా ఆగనక్కర లేదు

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు వన్ టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛపోవడం మొదలైంది. ఫిట్స్, నోట నురగ, కాసేపటికి కోలుకోవడం. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కరోనా పరీక్షలు చేస్తే లేదని వచ్చింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఢిల్లీ ఎయిమ్స్, మరికొన్ని సంస్థల నిపుణులు రంగంలోకి దిగారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగు మందుల మీదా అనుమానం వచ్చింది. నీరు, పాలు, కూరగాయలు అన్నిటి నమూనాలూ పరీక్షకు పోయాయి.

కారణం తేలడానికి రోజులు పడుతుంది. ఈలోపు చేతులు ముడుచుకుని కూర్చోవడానికి లేదు. రోగులకు చికిత్స చేయాలి, కొత్త కేసులు ఏ వీధిలో వస్తున్నాయో రాసుకోవాలి, అనుమానం ఉన్న నీటికి బదులు వేరే నీరు అందించాలి. జాన్ స్నో పంపు పిడి తీయించిన నాటికి కలరా క్రిమి సంగతి వైద్యలోకానికి పట్టలేదు. అయినా నిర్ణయం సరైనదే. తెలిసినంత చెప్పడం, తెలియనిది తెలియదని చెప్పడం, కొత్త సంగతి తెలిస్తే నిర్ణయం మార్చుకోవడం, మార్చుకున్నామని బాహాటంగా చెప్పడం, ఇవీ ఏలినవారి లక్షణాలు. అన్నీ తెలుసన్నట్టు మాట్లాడి మర్నాడు మాట మార్చేవారి మీద జనానికి నమ్మకం పోతుంది. అలా పోయిన నమ్మకం ఏ మందుల దుకాణంలోనూ దొరకదు.

లెక్కలను దాచడం మరో జబ్బు. పరీక్షలు తక్కువగా చేస్తున్నారని, సమాచారం సరిగా ఇవ్వడం లేదని 2020లో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. పరీక్షలు తగ్గిస్తే తగ్గేది అంకె మాత్రమే. జ్వరం వచ్చినప్పుడు జ్వరమాపకం విరగ్గొట్టినట్టు అవుతుంది. మార్చిలో కరీంనగర్‌లో అంత చురుకుగా పనిచేసిన యంత్రాంగమే తర్వాత ఇలా మాట పడాల్సి రావడం విచారకరం.

నిర్ణయం భారం ఎవరి మీద?

ఒక నిర్ణయం మంచిదా కాదా అని తూచేటప్పుడు దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. మధ్యలో నాలుగు గంటలు. పాలమూరు జిల్లా పేరు చెబితే వలస గుర్తొస్తుంది. పెద్ద పెద్ద ఆనకట్టలూ, రోడ్లూ, నగరాల్లో మేడలూ కట్టిన చేతులు ఈ నేలవి. ముంబై, పుణె, హైదరాబాద్ నగరాల్లో రోజు కూలి మీద బతికే మనిషికి నాలుగు గంటల్లో ఏం తోస్తుంది? పని పోయింది, గది అద్దె ఆగలేదు, బస్సు లేదు, రైలు లేదు. పిల్లలను చంకనేసుకుని వందల మైళ్లు నడిచినవారిని దేశమంతా టీవీల్లో చూసింది.

రాకపోకలు ఆపడమే తప్పని మా వాదన కాదు. ప్లేగు ఉన్నచోటికి పోవద్దు, అక్కడి నుంచి కదలొద్దు అన్న బోధ కూడా అదే చెబుతోంది. కాని కదలొద్దు అని చెప్పేవాడు, కదలకుండా ఉన్నవాడికి తిండీ నీడా చూపించాలి. లేకపోతే ఆ ఆదేశం పెద్ద ఇల్లున్నవాడికి సెలవు, గుడిసెలో ఉన్నవాడికి శిక్ష అవుతుంది. ఆకలితో బయలుదేరినవాడు పోలీసు కంట పడకుండా దొంగదారిన ఊరు చేరుతాడు. అతడితో జబ్బు వస్తే ఎవరికీ తెలియదు. ఇక్కడా కనిపెట్టే పని చెడింది.

మరి మంచి పని జరగలేదా? జరిగింది. 2021 మేలో రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలుపెట్టారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు తలుపు తట్టి, జ్వరమో దగ్గో ఉందా అని అడిగారు. ఉంటే పరీక్షా ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందుల సంచి చేతిలో పెట్టారు. 2022 జనవరిలో మళ్లీ అదే చేశారు. 2020లోనూ తలుపు తట్టారు, 2021లోనూ తట్టారు. మొదటిసారి నువ్వు ఎక్కడికి వెళ్లొచ్చావు అని అడిగితే జనం వణికారు. రెండోసారి ఒంట్లో ఎలా ఉంది అని అడిగితే నోరు విప్పారు. ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

ఘణపూర్‌లో మనం ఏం చేయాలి?

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వాన్ని అడుగుదాం. వనపర్తి 2016లో జిల్లా అయింది, 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పెద్ద వైద్యం దగ్గరైంది. కాని మొదటి జ్వరం వైద్య కళాశాలలో బయటపడదు. అది మన గల్లీలో, తండాలో, ఆర్.ఎం.పీ. డాక్టరు బల్ల మీద బయటపడుతుంది. దేశంలో 2004 నుంచి జబ్బుల నిఘా కార్యక్రమం ఉంది. ఏఎన్ఎంలు, ప్రభుత్వ డాక్టర్లు, ప్రయోగశాలలు తమ దగ్గరికి వచ్చిన జ్వరాలనూ, విరేచనాలనూ రాసి పైకి పంపుతారు. ఆర్.ఎం.పీ. దగ్గర సూది వేయించుకుని పోయిన జ్వరమూ, మందుల దుకాణంలో గోలీ కొనుక్కున్న జ్వరమూ సాధారణంగా ఆ లెక్కకు అందవు. కాబట్టి ఒకే వారంలో ఒకే వీధి నుంచి నలుగురైదుగురు ఒకే సుస్తీతో వస్తే ఏఎన్ఎంకు చెప్పాలన్న నియమం ఈ ఇద్దరికీ పెట్టాలి. చెప్పినందుకు వారి మీద కేసులుండవన్న హామీ కూడా ఇవ్వాలి.

ఇక మన బాధ్యత. ప్రతి మస్జిద్ కమిటీకి తన మొహల్లాలో ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారు, ఎవరు వలసపోయారు, ఎవరింట్లో గర్భిణులున్నారు అన్నది తెలుసు. జకాత్, ఫిత్రా పంచేటప్పుడు పనికొచ్చే ఆ ఎరుక, జబ్బు వచ్చినప్పుడు కూడా పనికిరావాలి. ఆశా కార్యకర్త గల్లీలోకి వస్తే కమిటీ మనిషి ఒకరు, ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడటానికి ఒక అక్కయ్యో ఖాలమ్మో ఆమె వెంట నడవాలి. నీళ్ల ట్యాంకు పక్కన మురుగు నిలిచినా, చేతిపంపు నీళ్ల రంగు మారినా పంచాయతీకి రాసి ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. పుకారు వినిపిస్తే దాన్ని పదిమందికి పంపే ముందు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును అడగాలి. గుమిగూడటం ప్రమాదమని డాక్టర్లు చెప్పిన నాడు ఆదేశం వచ్చేదాకా ఆగకుండా ముందే మానుకోవాలి. ఇవన్నీ మస్జిద్ ఒక్కదాని పనులు కావు. మన పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లూ కలిసి నడుస్తారు. జ్వరం వచ్చిన నాడు అలా కలిసి నడవలేమా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. సుస్తీ చేసిందని మొదట చెప్పిన ఇంటిని వెలివేయవద్దు. ఆ ఇంటి గుమ్మం ముందు బియ్యం, పాలు, మందులు పెట్టి రావాలి. ఆ ఇంటివాళ్ల పేరు వాట్సాప్‌లో తిప్పవద్దు. ఈసారి జబ్బు మొదట వేరే కులం వాళ్లింట్లో, వేరే మతం వాళ్లింట్లో బయటపడవచ్చు. 2020లో మన మీద వేసిన ముద్రను అప్పుడు మనం ఇంకొకరి మీద వేయకూడదు. మనకు జరిగిన అన్యాయం మరొకరికి జరగకుండా అడ్డుపడటమే ఆ అన్యాయానికి తగిన జవాబు.

ఏలినవారికి మా విన్నపం ఒక్కటే. జబ్బును పట్టుకోండి. దానికోసం మా తలుపులు తట్టండి, తీస్తాం. తట్టే చేతిలో మందుల సంచి ఉండాలి, సంకెళ్లు ఉండకూడదు.